శివరాత్రికి రాత్రి కావలెను

మాఘ బహుళ చతుర్దశిని మహాశివరాత్రిగా ఆచరించుట శైవలోకమునకు క్రొత్త కాదు. ఆనాటి ఉపవాసమును గూర్చియు, నాలుగు యామముల పూజను గూర్చియు, జాగరణఫలమును గూర్చియు ప్రతి సంవత్సరము మఠములందును గ్రామములందును ప్రవచనములు జరుగుచునే యున్నవి. అయితే ఈ పర్వము పేరులోనే రాత్రి యున్నదను విషయమును పట్టించుకొనువారు అరుదు. తక్కిన పండుగలు చాలవరకు తెల్లవారుటతో మొదలై పగటి భోజనముతో ముగియును. ఇది రాత్రి పండుగ. అందునను వెన్నెల లేని రాత్రి. పెద్దలు తలచుకొన్నచో పూర్ణిమనే ఎన్నుకొని యుందురు. నూనె ఖర్చైనను తగ్గెడిది. వారు చంద్రుడు క్షీణించి క్షీణించి ఒక్క సన్నని రేఖగా మిగిలిన తిథిని ఎన్నుకొనిరి. ఆనాడు ప్రొద్దుగ్రుంకినది మొదలు తెల్లవారుజాము వరకు ఆకాశమున చంద్రుడుండడు. మాసమంతటిలో ఆకాశము తన సొమ్మునంతయు విప్పి చూపు కొలది రాత్రులలో అది యొకటి.

శివుని వ్యోమకేశుడందురు. ఆకాశమే ఆయన కేశపాశమని దాని భావము. గంగాధరుడందురు. ఆ జటలలో పారు గంగను పండితులు ఆకాశగంగ యనియు, పల్లెవారు పాలపుంత యనియు పిలిచిరి. చంద్రశేఖరుడందురు. చిదంబరక్షేత్రమున లింగమును ఆకాశరూపముగా భావించి కొలుతురు. ఈ నామములును ఈ భావనలును కన్నులెత్తి పైకి చూచిన మనుష్యులనుండి పుట్టినవి. పాలపుంతను ఒక్కమారైనను చూడని బాలునకు గంగాధరనామము గోడమీది క్యాలెండరు బొమ్మగానే మిగులును. వాని తప్పు అందులో ఏమియు లేదు. వానికి ఆకాశమును చూపవలసినవారు దానిని దీపములతో కప్పివేసిరి.

పూర్వము జాగరణము చేయువారికి గడియారములు లేవు. ఆకాశమే గడియారము. శివరాత్రినాడు చీకటి పడిన పిమ్మట నడినెత్తికి కొంచెము దక్షిణముగా ఎర్రని చుక్క యొకటి వెలుగుచుండును. అది ఆర్ద్ర. దానికి అధిదేవత రుద్రుడు. శివరాత్రి మొదటి యామమున శివుని నక్షత్రమే భక్తుల నెత్తిమీద నిలుచుట ఎంత పొందికగా నున్నదో ఆలోచింపదగినది. లింగోద్భవకాలము సమీపించునప్పటికి ఆర్ద్ర పడమటికి వాలిపోవును. నడినెత్తిన మఖ నిలుచును. మాఘమాసమునకు ఆ పేరు వచ్చినది ఈ మఖవలననే. మూడవ యామమున నారింజవన్నె స్వాతి తూర్పుదిక్కున బాగుగా పైకెక్కును. తెల్లవారుజామున దక్షిణమున జ్యేష్ఠ ఎర్రగా కనబడును. దాని వెనుకనే పాలపుంతలో మిక్కిలి దట్టమైన భాగము పైకి వచ్చును. అన్నిటికిని చివర, సూర్యోదయమునకు కొంచెము ముందుగా, తూర్పున గోటితో గీచినట్టి చంద్రరేఖ తోచును. శివుని శిరస్సుమీద చిత్రకారులు వ్రాయు రేఖ అదియే. రాత్రియంతయు మేలుకొన్నవారికి దక్కు ప్రసాదము అది.

ఆర్ద్రను ఎరుగని తెలుగు రైతు పూర్వము లేడు. సూర్యుడు ఆ నక్షత్రమును చేరినప్పుడు ఆరుద్ర కార్తె ప్రవేశించును. అది జూన్ నెల చివరి భాగము. తొలకరి పదునుచూచి విత్తనములు వేయు కాలము. సూర్యునితో కలిసియున్నందున ఆ దినములలో ఆ చుక్క కంటికి కనబడదు. కనబడని చుక్కను లెక్కించి సేద్యము చేసిన జాతి ఇది. కృత్తికలను పిల్లలకోడి యని పిలిచి, అది ఏ వేళకు ఎక్కడ నున్నదో చూచి ప్రొద్దు చెప్పగలిగిన గొల్లలు, బండ్లు తోలువారు, నీళ్ళు కట్టువారు నిన్నమొన్నటి వరకు పల్లెలలో ఉండిరి. వారు చదువుకొన్నవారు కారు. నక్షత్రజ్ఞానము వారి కాయకములో భాగము.

2019వ సంవత్సరము చివర ఈ ఆర్ద్ర కాంతి తగ్గనారంభించెను. 2020 ఫిబ్రవరి నాటికి అది ఎంతగా మసకబారినదనగా, అలవాటుపడిన కన్నులు దూరదర్శిని లేకుండనే ఆ భేదమును పట్టగలిగినవి. ఆ నక్షత్రమునుండి వెలువడిన పదార్థము చల్లారి ధూళిగా మారి దాని ముఖమును కొంత కప్పివేసినదని శాస్త్రజ్ఞులు తరువాత నిర్ణయించిరి. ఆ సంవత్సరము శివరాత్రి ఫిబ్రవరి 21వ తేదీన వచ్చినది. రుద్రుని నక్షత్రము మసకగానున్న ఆ శివరాత్రియందు లక్షలమంది జాగరణము చేసిరి. పైకి చూచినవారు ఎందరో శివునికే తెలియవలెను.

ఆర్ద్రకు ఎదురుమూలగా, కొంచెము క్రిందుగా, నీలితెలుపు వన్నెతో మరియొక గొప్ప చుక్క మెరయును. పాశ్చాత్యులు దానిని రీగెల్ అందురు. అది సుమారు 860 కాంతిసంవత్సరముల దూరమున నున్నదని నేటి గణన. అనగా ఈ శివరాత్రికి భక్తుని కంటబడు ఆ కాంతి అక్కడినుండి బయలుదేరినది 12వ శతాబ్దమున. ఆ గణనలో కొన్ని పదుల ఏండ్లు అటునిటు కావచ్చును గాని, స్థూలముగా అది కల్యాణపట్టణమున బసవేశ్వరుడు అనుభవమంటపమును నడిపిన కాలము. అల్లమప్రభువు శూన్యసింహాసనమున కూర్చుండి బయలును గూర్చి బోధించిన కాలము. మాదారచెన్నయ్యను, దోహర కక్కయ్యను తనవారిగా చెప్పుకొనుటకు బసవేశ్వరుడు గర్వించిన కాలము. ఆనాడు బయలుదేరిన వెలుగు రాజ్యములు మారినను, భాషలు మారినను ఎక్కడను ఆగక వచ్చి, నేడు శరణుని కంటిలో పడుచున్నది. రీగెల్ మిక్కిలి ప్రకాశము గలది గనుక నగరమునందును కనబడుచునే యున్నది. దాని ప్రక్కన మూడు చుక్కల వరుసకు దిగువగా మంచుతునకవలె నుండు మసకవెలుగు మాత్రము నగరవాసికి కానరాదు. క్రొత్త నక్షత్రములు పుట్టుచున్న మేఘమది. 1,300 కాంతిసంవత్సరముల దూరమునుండి వచ్చుచున్న ఆ వెలుగు, భూమిని చేరిన తరువాత చివరి కొద్దిమైళ్ళలో వీధిదీపముల పాలగుచున్నది.

ఇది ఎట్లు జరుగుచున్నదో సులభముగా తెలిసికొనవచ్చును. దీపము యొక్క వెలుగు నేలమీద పడినంతవరకు ఉపయోగము. పైకి పోయిన వెలుగు గాలిలోని అణువులను, ధూళిని, తేమను తాకి నలుదిక్కులకు చెదరి, మరల క్రిందికి వచ్చును. ఆకాశమంతయు పలుచని పాలపొర కప్పినట్లగును. నక్షత్రములు ఆరిపోలేదు, వాటికన్న ఆ పొర ప్రకాశము ఎక్కువై అవి అందులో మునిగినవి. నీలము పాలు ఎక్కువగా గల తెల్లని దీపకాంతి ఇట్లు చెదరుట మరింత అధికము. పసుపువన్నె దీపములు కొంత మేలు. అందువలననే, చౌకయని పాత దీపములను తీసి తెల్లని ఎల్.ఇ.డి. దీపములను పెట్టిన చోట్ల విద్యుత్తు ఖర్చు తగ్గినను ఆకాశమునకు మేలు కలుగలేదు. చౌక యగుటతో ఒకటి పెట్టవలసిన చోట నాలుగు పెట్టుట మనుష్యస్వభావము.

చీకటియైన నిర్మలాకాశమున ఒక్క సమయమున మంచి కన్నులకు రెండున్నర వేలకు తక్కువ గాకుండ చుక్కలు కనబడును. మహానగరముల నడుమ ఆ సంఖ్య పదులకు దిగినది. 2016లో వెలువడిన ప్రపంచపటము ననుసరించి మానవులలో మూడవవంతుకు పైగా తాము నివసించుచోటినుండి పాలపుంతను చూడజాలరు. 2011 మొదలు 2022 వరకు సామాన్యజనులు కంటితో చూచి తెలిపిన లెక్కలను, ప్రధానముగా ఐరోపా, ఉత్తర అమెరికా ఖండములనుండి వచ్చిన వానిని పరిశీలించి, 2023లో శాస్త్రజ్ఞులు మరియొక మాట చెప్పిరి: ఆకాశపు కృత్రిమకాంతి సంవత్సరమునకు సుమారు నూటికి పదివంతున పెరుగుచున్నది. ఆ లెక్కన, 250 చుక్కలు కనబడుచోట పుట్టిన శిశువు 18 ఏండ్లవాడగునప్పటికి అక్కడ 100 మాత్రమే మిగులును. ఒక్క తరము చాలును.

తెలుగునాట ఈ కథకు హైదరాబాదే సాక్షి. 1901లో నవాబు జఫర్ జంగ్ తన ఎస్టేటులో ఒక వేధశాలను నెలకొల్పెను. ఆయన తదనంతరము 1908లో నిజాం ప్రభుత్వము దానిని స్వీకరించినది. వేధశాల బేగంపేటకు మారినది. ఆకాశమంతటిని ఛాయాచిత్రములుగా తీసి నక్షత్రముల పట్టికను కూర్చుటకు ప్రపంచమున కొన్ని వేధశాలలు కలిసి పూనిన మహాకార్యమున ఈ నిజామియా వేధశాలయు ఒక భాగమును స్వీకరించి, ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను లెక్కించి, 12 సంపుటములు వెలువరించెను. బేగంపేటనుండి ఏడు లక్షల నక్షత్రములు! తరువాత నగరము పెరిగినది. 1960ల దశకమున ఉస్మానియా విశ్వవిద్యాలయము 48 అంగుళముల దూరదర్శినిని నిలుపబూనినప్పుడు బేగంపేట పనికిరాక, యాభై కిలోమీటర్లకు పైగా దూరమున జపాల, రంగాపురము గ్రామముల చెంతకు పోవలసి వచ్చెను. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును శాస్త్రజ్ఞులు అక్కడినుండియే పరిశీలించిరి. నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి చెంత పెరిగిన వైణు బప్పు, పెద్దవాడై దక్షిణాకాశమును చూచుటకు తగిన చోటును వెదకి వెదకి, తమిళనాడు జవ్వాది కొండలలోని కావలూరును ఎన్నుకొనెను. వేధశాల కొండలకు తరలిపోగలదు. బేగంపేటలోని బాలుడు ఎక్కడికి తరలిపోవలెను?

ఈ సందర్భమున శరణచరిత్రలోని ఆయ్దక్కి మారయ్య కథ స్మరణకు రాక మానదు. కల్యాణమున వీధులలో రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆయన ధర్మపత్ని లక్కమ్మ వండి జంగమదాసోహము నడిపెడిది. ఒకనాడు మారయ్య నిత్యముకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత ఎందులకని ప్రశ్నించి, నాటికి చాలినంత ఉంచుకొని, మిగిలినది తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను. బీదయిల్లాలు, ఇంట మరునాటికి గింజ లేనిది, ఎక్కువ వచ్చిన బియ్యమును దోషముగా ఎంచినది. ఆమె మాటకు ఎదురాడక మారయ్య వెళ్ళి పోసివచ్చెను. ఈ కథను చెప్పునప్పుడు ప్రవచనకారులు సామాన్యముగా ధనమును గూర్చి, ధాన్యమును గూర్చి మాత్రమే వ్యాఖ్యానింతురు. వెలుగునకును ఇది వర్తించును. వాకిట ఒక దీపము చాలినచోట ఆరు వెలిగించుట, ద్వారమునకు కావలసిన వెలుగును మేడమీదికి ఎక్కించుట, జనము నిద్రించిన తరువాతను దుకాణపు పేరుబల్లను తెల్లవార్లు వెలిగించుట, ఇవి లక్కమ్మ ఒప్పుకొనని బియ్యము. పైపెచ్చు ఆ మిగులు బియ్యము ఎవరి గిన్నెనుండి వచ్చినదో చూడవలెను. పైకి పోయిన ప్రతి దీపకాంతియు పొరుగువాని ఆకాశమునుండి కొంత తీసికొనుచున్నది.

దీపమును వెలిగించుట పుణ్యము గదా, చీకటి అజ్ఞానమునకు గుర్తు గదా యని కొందరు అడుగుదురు. అజ్ఞానమును చీకటితో పోల్చుట కవిసమయము. రాత్రియే అజ్ఞానమని ఏ శరణుడును చెప్పలేదు. కరతలమున ఇష్టలింగమును నిలిపి చూపును దానియందు చేర్చువారు ఎరుగుదురు: ఆ లింగము నల్లని పూత గలది. ఆ నలుపునందు దృష్టి నిలిచినగాని లోపలి వెలుగు తోచదని గురువులు చెప్పుదురు. ఆకాశదర్శనమును ఇంచుమించు ఇట్టిదే. వెలుగునుండి చీకటిలోనికి వచ్చిన కన్ను తొలుత ఏమియు చూడదు. కంటిపాప విచ్చుటకు కొద్దిసేపు చాలును గాని, కంటిలోపలి పొరలో మందవెలుగును గ్రహించు పదార్థము కూడుకొనుటకు 20 నుండి 30 నిమిషములు పట్టును. అంతసేపు ఓపికగా ఉన్నవానికి చుక్కలు ఒక్కొక్కటిగా, తరువాత గుంపులుగా దర్శనమిచ్చును. నడుమ ఒక్కమారు సెల్‌ఫోను తెరను చూచినచో మరల మొదటికి వచ్చును.

మరియొక ఆక్షేపణ దీనికన్న బరువైనది. రాత్రివేళ పనినుండి మరలివచ్చు స్త్రీకి, చేనినుండి వచ్చు వృద్ధునకు, పాముపుట్రల భయమున్న త్రోవకు వెలుగు వలదా? తప్పక వలయును. ఇప్పటికిని వీధిదీపము లేని వాడలున్నవి. అవి తరచుగా బీదల వాడలే యగుట సిగ్గుపడవలసిన విషయము. ఊరి చివరి వాడకు ఒక్క దీపము లేకుండగా మండపమునకు నూరు దీపములు పెట్టుట దాసోహమని ఎవరనగలరు? వెలుగును పంచుకొనుటయు దాసోహమే. కావలసినది త్రోవ కనబడుట. పైభాగము కప్పియుండి క్రిందికి మాత్రమే కాంతిని విడుచు దీపము పాదముల ముందు నేలను బాగుగా చూపును. గుండ్రని గాజుగోళము వంటి దీపము సగము వెలుగును ఆకాశమునకు, కొంత చూచువాని కన్నులకు పంపి, మిగిలినది నేలకు విడుచును. కన్నులలో పడిన మిరుమిట్లవలన దాని ప్రక్కనున్న నీడలో ఎవరు నిలిచినదియు కానరాదు. భద్రత కోరువారే ఈ భేదమును ముందుగా తెలిసికొనవలెను.

సకలప్రాణులయందు దయ బసవమార్గమున మొదటిమెట్టు. దీపము చుట్టు తిరిగి తిరిగి తెల్లవారుసరికి రెక్కలు రాలి పడియుండు పురుగులను ప్రతి యిల్లాలును ఊడ్చియే యుండును. రాత్రి పూచు పూవులకు పరాగమును చేర్చునవి వాటిలో అనేకము. ఆంధ్ర, ఒడిశా తీరములకు శీతకాలము చివర సముద్రపు తాబేళ్ళు వచ్చి ఇసుకలో గ్రుడ్లుపెట్టి పోవును. పిల్లలు రాత్రివేళ పొదగబడి, మెరయుచున్న దిక్కు సముద్రమని నమ్మి నడచును. కోట్ల సంవత్సరములుగా ఆ నమ్మకము తప్పలేదు. నేడు రేవుదీపములు, రోడ్డుదీపములు సముద్రముకన్న ఎక్కువగా మెరయుటచే కొన్ని పిల్లలు నేలవైపు నడచి కుక్కలపాలును కాకులపాలును అగుచున్నవి. దీపము పెట్టినవానికి ద్వేషమేమియు లేదు. అయినను అవి చచ్చుచున్నవి.

చేయదలచినవారికి మార్గము కష్టము కాదు. లడఖ్ ప్రాంతమున 4,500 మీటర్ల ఎత్తున హాన్లే యను పల్లె కలదు. అక్కడ భారత ఖభౌతిక సంస్థవారి 2 మీటర్ల దూరదర్శిని యున్నది. 2022 డిసెంబరులో దానిచుట్టు 1,073 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును చీకటి ఆకాశపు రక్షితప్రాంతముగా ప్రకటించిరి. మన దేశమున అట్టిది అదే మొదటిది. పల్లెవారు కిటికీలకు దట్టమైన తెరలు కట్టిరి, దీపములకు మూతలు వేసిరి. వారిలో కొందరికి దూరదర్శినులిచ్చి తరిఫీదు చేయగా, వచ్చిన యాత్రికులకు వారే ఆకాశమును చూపి జీవనము సాగించుచున్నారు. చీకటిని కాపాడుటయు అక్కడ ఒక కాయకమైనది. 2024 జనవరిలో మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యమునకును ఇట్టి గుర్తింపు లభించెను. ఇవి దూరదేశపు వింతలు కావు.

స్థావరాలయముల ఆడంబరముకన్న కరతలమందలి ఇష్టలింగమును, నడయాడు జంగమమును మిన్నగా ఎంచిన సంప్రదాయమునకు శివరాత్రినాడు గోపురములకు దీపపుమాలలు చుట్టుటలో పోటీ అవసరము లేదు. ఆకాశమును చీల్చు కాంతిస్తంభములను బాడుగకు తెచ్చి త్రిప్పు వాడుక ఈ మధ్య జాతరలలో ప్రబలినది. లింగోద్భవమునకు గుర్తుగా అని నిర్వాహకులు చెప్పుదురేమో గాని, ఆదియంతములు దొరకని స్తంభమును బాడుగకిచ్చు అంగడి ఎక్కడను లేదు. మఠములవారు, సంఘములవారు మొదటి యామమున ఒక్క గంటసేపు త్రోవదీపములు తక్క మిగిలినవన్నియు ఆర్పించుటకు పంచాయతీతో ముందుగా మాటలాడుకొనవచ్చును. అది కుదిరిన ఊరిలో మరుసటి మాసశివరాత్రికి అడుగుట సులువగును. సంవత్సరమునకు ఆ అవకాశము పండ్రెండుమారులు వచ్చును.

ఆర్ద్రను, పిల్లలకోడిని వ్రేలితో చూపగల వృద్ధులు చాల గ్రామములలో ఇంకను ఒకరిద్దరైనను ఉందురు. వారిని మఠప్రాంగణమునకు తీసికొనివచ్చి, పిల్లలను వారిచుట్టు చాపలమీద కూర్చుండబెట్టవలెను. మొదటి అరగంట ఏమియు కనబడుటలేదని పిల్లలు గోల చేయుదురు. చేయనిండు. తరువాత వారిలో ఎవడో ఒకడు ఉన్నట్టుండి లేచి నిలుచుండి, అదేమిటని అడుగును.